నేను రాసిన ఫిర్యాదులో గేదె లేదు

ఖరగ్‌పూర్‌లో రైలు దిగేటప్పటికి నా దగ్గర ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట, బి.ఏ. పట్టా, నా తెలుగు మీద అంతులేని గర్వం ఉన్నాయి. మొదటి మూడూ ఇప్పటికీ అటక మీద ఎక్కడో పడి ఉండాలి. నాలుగోదాన్ని అరవైల మొదట్లో నది అవతల కోర్టులో పోగొట్టుకున్నాను. అది ఎలా పోయిందో చెబుతాను.

నాది కృష్ణా జిల్లా. ఉద్యోగం రైల్వేలో గుమాస్తా, అదీ టెంపరరీ. టెంపరరీ ఉద్యోగం అంటే పై ఆఫీసరు గట్టిగా దగ్గినా మన గురించేనేమో అని ఉలిక్కిపడే ఉద్యోగం. వర్క్‌షాపులో పనిచేసే ఇద్దరితో కలిసి ఒక క్వార్టర్లో దిగాను. చుట్టూ తెలుగువాళ్ళే. తాతల కాలంలో శ్రీకాకుళం, పార్వతీపురం వైపు నుంచి రైలుపని కోసం వచ్చి ఇక్కడే పాతుకుపోయినవాళ్ళు. "ఏటి బాబూ, ఎప్పుడొచ్చినావు?" అని పలకరిస్తే, నేను ఆ వాక్యాన్ని మనసులో ఎర్రసిరాతో దిద్దుకుని అప్పుడు జవాబిచ్చేవాణ్ణి. అలాంటి వెధవని ఇప్పుడు ఎవరైనా నా గుమ్మంలోకి తెస్తే తలుపేస్తాను.

వచ్చిన పదో రోజు, తెల్లవారుతుండగా తలుపు దబదబా బాదారు. నా ఇద్దరు సహవాసులూ డ్యూటీకి వెళ్ళిపోయారు. తలుపు తీస్తే జుట్టు విరబోసుకుని, చెంగుతో మొహం తుడుచుకుంటూ ఒకావిడ. యాభై ఏళ్ళుంటాయి. మా వెనక వరస క్వార్టర్లో తమ్ముడి కుటుంబం దగ్గర ఉండే వితంతువు. అందరూ అప్ప అనేవారు. వాళ్ళ మాటలో అప్ప అంటే అక్క. అంతకుమించి ఆవిడ గురించి నాకు తెలియదు.

"బాబూ, నా సొమ్ము పోనాది! ఎవుడో ఎదవ అట్టుకుపోనాడు! నువ్వు బియ్యే సదివినావంట. బేగి ఒక కాయితం రాసియ్యి, ఠాణాకి అట్టుకెల్తాను."

బి.ఏ. మాట ఎత్తేసరికి నాకు నిద్రమత్తులోనే ఛాతీ ఉబ్బింది. కాగితం, పెన్ను తీశాను. ఇంగ్లీషులో రాస్తే దారోగా, అంటే ఠాణా అధికారి, భయపడి త్వరగా కదులుతాడని నేనే సలహా ఇచ్చాను.

"ఏమేం పోయాయమ్మా?"

"ఏటేటి పోతాయి, నాకున్నదదొక్కటే!"

"ఎక్కడ పెట్టారు?"

"దొడ్లో."

"సొమ్ము ఎవరైనా దొడ్లో పెట్టుకుంటారా?"

ఆవిడ ఏడుపు ఆపి నాకేసి వింతగా చూసింది. "మరి ఇంట్లో ఎట్టుకుంటారేటి?" అంది.

పల్లెటూరి మనిషి, పాతిపెట్టుకుందేమో అనుకున్నాను. గుర్తులు చెప్పమన్నాను. మెళ్ళో నీలంపూసల దండ. నుదుటి మీద తెల్లసుక్క. ఎడం కొమ్ము ఇరిగిపోనాది. ఇదీ ఆవిడ చెప్పింది. ఏడుపులో కొమ్ము నాకు కమ్మలా వినిపించింది. కాబట్టి నేను ఇలా రాశాను: నీలంపూసల కంఠహారం ఒకటి, తెల్లరాయి పొదిగిన పాపిడిబిళ్ళ ఒకటి, విరిగిన ఎడమ చెవి కమ్మ ఒకటి. కుడి కమ్మ సంగతి ఏమిటని నాకు అనుమానం రాలేదు. విలువ ఎంత అంటే, నాలుగొందలకి అడిగితే ఇవ్వలేదంది. అదీ రాశాను. భాష మంచి గంభీరంగా కుదిరింది, చదివి నేనే మురిసిపోయాను. అప్ప వేలిముద్ర వేసి, దండం పెట్టి, ఠాణాకి పరిగెత్తింది.

సాయంత్రం నా సహవాసి ఒకడు అన్నం ముందు కూర్చుని, "అప్ప గేదె పోనాదంట గదా, కాయితం నువ్వే రాసినావంట" అన్నాడు.

"గేదేమిటి? ఆవిడ సొమ్ము కదా పోయింది?"

"అదే. సొమ్మంటే గొడ్డే గదా మావోల్లకి."

కృష్ణా జిల్లాలో సొమ్ము అంటే డబ్బు, లేకపోతే బంగారం. మా అమ్మ పెట్టెలో ఉండేది సొమ్ము. వీళ్ళకి దొడ్లో నెమరేసేది కూడా సొమ్మేనట. అప్పుడు ఒక్కొక్కటే వెలిగింది. నీలంపూసలు గేదెకి దిష్టి తగలకుండా కట్టినవి. తెల్లరాయి పాపిడిబిళ్ళ గేదె నుదుటి మచ్చ. ఇక ఆ కమ్మ సంగతి తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఆ రాత్రే, పోనీ మర్నాడైనా ఠాణాకి వెళ్ళి, అయ్యా నేను గాడిదని, ఇది దిద్దండి అని చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. వెళ్ళలేదు. తప్పుడు ఫిర్యాదు రాశాడని ఆఫీసుకి తెలిస్తే టెంపరరీ కాస్తా ఊడుతుందని భయం. అంతకంటే పెద్ద భయం, తెలుగు రాని తెలుగువాడని ఊరంతా నవ్వుతుందని. దారోగా తెలివైనవాడు, ఆయనే సర్దుకుంటాడులే అని నాకు నేను చెప్పుకుని పడుకున్నాను. పిరికివాడికి ఎదుటివాడి తెలివి మీద ఎక్కడ లేని నమ్మకం పుట్టుకొస్తుంది.

అప్పకి ఆ గేదె ఏమిటో తర్వాత తెలిసింది. మొగుడు వర్క్‌షాపులో ఖలాసీ, పోయేముందు కొనిపెట్టిన ఆఖరి వస్తువు అది. వట్టిపోయి అప్పటికి చూలుతో ఉంది. మరో రెండు నెలల్లో ఈనుతుంది. ఈనితే పాలు, పాలుంటే తమ్ముడి ఇంట్లో ఆవిడ మాటకి విలువ. లేకపోతే మరదలు పెట్టిన ముద్ద తిని వసారాలో ఓ మూల కూర్చోవాలి. మరదలు చెడ్డదేం కాదు, కానీ ముద్ద పెట్టేటప్పుడు గిన్నె చప్పుడు ఎక్కువ చేసేది. అందుకే అప్ప వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టేది. ఈనేలోపు గేదె ఇంటికి రావాలి. ఆవిడకి కావలసింది అదొక్కటే.

పది పదిహేను రోజులకి దొంగ దొరికాడు. ఎక్కడో మరో పశువు పలుపుతాడు విప్పుతుంటే నలుగురూ పట్టుకుని చేతనైనంత తన్ని పోలీసులకి ఇచ్చారు. అప్ప గేదెని నది అవతల పల్లెలో ఒక గోవాలాకి, అంటే పాలు అమ్ముకుని బతికే బెంగాలీ ఆయనకి, అమ్మేశానని చెప్పాడు. పోలీసులు గేదెని తోలుకొచ్చి ఠాణా ముందు కట్టారు. అప్ప వెళ్ళి దాని మెడ పట్టుకుని ఏడ్చిందట. అదీ మోర చాపి ఆవిడ చెయ్యి నాకిందట.

ఇక దారోగాకి చిక్కొచ్చింది. గేదె ఉంది, ఏడ్చే మనిషి ఉంది, కానీ ఆ మనిషి ఫిర్యాదులో గేదె లేదు. నాకు కబురొచ్చింది. వెళ్ళాను.

దారోగా కాగితం నా ముందు పెట్టి హిందీలో అడిగాడు: "బాబూ, ఇది మీరు రాసిందేనా? ఇందులో నగలున్నాయి. ఈవిడ గేదె అంటోంది. ఏది నిజం?"

బయట అప్ప గేదె మెడ నిమురుతోంది. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట నా నోట్లోంచి రాలేదు. "ఆవిడ ఏం చెబితే అది రాశాను సార్" అన్నాను. అబద్ధం కాదు కదా అని గుమ్మం దాటేదాకా నా వెన్ను నేనే తట్టుకున్నాను.

దారోగా తర్కం తెలిసిన మనిషి. పట్టా ఉన్నవాడు ఇంగ్లీషులో రాసిన కాగితం తప్పు కాకూడదు. కళ్ళెదుట ఉన్న గేదె కూడా తప్పు కాకూడదు. రెంటినీ కలిపి ఆయన ఇలా తేల్చాడు: దొంగ నగలు దొంగిలించాడు, వాటిని మార్చి గేదెని సంపాదించాడు, గేదెని గోవాలాకి అమ్మాడు. నగలకు బదులొచ్చిన వస్తువు కాబట్టి ఈవిడకి గేదె మీద మమకారం. మమకారం సంగతి ఆయన రాయలేదు, నేను కలిపాను.

కేసు తేలేదాకా గేదె ఎవరి దగ్గరుండాలి? ఠాణాకి సర్కారు సిరా ఇస్తుంది, గడ్డి ఇవ్వదు. ఫిర్యాదులో గేదె ఉంటే అప్పకే ఇచ్చేవారు. లేదు కాబట్టి, అడిగినప్పుడు తెచ్చి అప్పగిస్తానని సంతకం చేయించుకుని మళ్ళీ గోవాలాకే అప్పజెప్పారు. దీన్ని జిమ్మా అంటారు. అప్ప ఠాణా నుంచి ఉత్త చేతులతో నడిచొచ్చింది. కోర్టు అంటే ఇంతే కాబోలు అనుకుంది. ఇంగ్లీషు రాదు, కాగితంలో ఏముందో తెలియదు. నన్ను అనుమానించాలని ఆవిడకి తోచనే లేదు.

అప్పటినుంచి రోజూ పొద్దున్న నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడేది. "బాబూ, ఏటంటన్నారు?" అనేది. "ఇంకా ఏం లేదప్పా" అనేవాణ్ణి. "ఎనిమిదో నెల ఎల్లిపోనాది" అనేది. మర్నాడు మళ్ళీ అదే. నేను వెనక దారిన ఆఫీసుకి పోవడం మొదలెట్టాను. ఆ దారిలోనే ఆవిడ దొడ్డి ఉంది. గడ్డివాము, ఖాళీ గుంజ, ఎండిపోయిన పేడ. పది రోజులు అవన్నీ పక్కనే పెట్టుకుని ఉండి నేను వాటిని చూడనే లేదని అప్పుడు తెలిసింది.

విచారణ రోజు నన్ను తోడు రమ్మంది. రైలెక్కి నది దాటి వెళ్ళాం. దొంగ బక్కగా, నవ్వుమొహంతో ఉన్నాడు. వాడి తరఫున వాదించే ముక్తారు, అంటే చిన్న వకీలు, అన్నిటికీ "జీ హుజూర్" అను, శిక్ష తగ్గుతుంది అని నూరిపోసినట్టున్నాడు. నేరపత్రం చదివారు. నీలంపూసల హారం దొంగిలించావా? జీ హుజూర్. పాపిడిబిళ్ళ? జీ హుజూర్. విరిగిన ఎడమ కమ్మ? వాడు ఒక్క క్షణం ఆలోచించి దానికీ జీ హుజూర్ అన్నాడు. గొడ్లదొంగ అంటే జైల్లో కూడా చులకన, నగలదొంగ అంటే కాస్త కూర్చోడానికి చోటిస్తారని వాడికి సంతోషమే అయి ఉంటుంది.

తీర్పు గంటలో అయిపోయింది. మూణ్ణెల్ల జైలు, పైన జరిమానా. జరిమానా వసూలైతే అందులోంచి కొంత అప్పకి నష్టపరిహారం. కట్టకపోతే దొంగకి మరో నెల. కడతావా అంటే వాడు మరో నెలే చాలన్నాడు. లోపల రెండుపూటలా తిండి ఉంటుంది. నష్టపరిహారం అలా వాడి కడుపులోకి పోయింది. వాడి దగ్గర దొరికిన నలభై చిల్లర రూపాయలు గోవాలాకి ఇమ్మన్నారు. తెలియక కొన్నవాడు కాబట్టి, గేదెని తిరిగిచ్చాక ఆ మాత్రం ఆయనకి దక్కాలట. ఆయన పెట్టింది మూడు వందల పైన. మిగతాది దొంగ అప్పటికే తాగేశాడు, కోర్టు దాన్ని ఎక్కణ్ణుంచి తెస్తుంది?

ఆఖరున అసలు మాట. దొంగసొత్తును, అంటే ప్రస్తుతం గేదె రూపంలో ఉన్నదాన్ని, ఫిర్యాదుదారుకి అప్పగించాలి. అప్ప మొహం విప్పారింది. వెంటతెచ్చిన పలుపుతాడు సంచిలోంచి తీసింది.

"ఇవాళే కాదు" అన్నాడు అప్ప తరఫున మేం కుదుర్చుకున్న ముక్తారు. కోర్టు వరండాలో కాలు విరిగిన బెంచీ మీద కూర్చునే ముసలాయన, హిందీలో నెమ్మదిగా చెప్పాడు. "అప్పీలుకి నెల గడువుంది. అది దాటాకే సొత్తు చేతికిస్తారు. దొంగ అప్పీలు చేస్తే అది తేలేదాకా ఆగాలి."

"నెల్లాళ్ళా? ఈ వారంలోనే ఈనుతుందే!" అన్నాను.

ముసలాయన కళ్ళజోడు పైనుంచి చూశాడు. "పశువైతే ఈ గడువు లేదు. పశువు మేస్తుంది, ఈనుతుంది, చస్తుంది. దాన్ని ఆపి ఉంచకూడదని చట్టం రాసినవాడికీ తెలుసు. తీర్పు చెప్పిన రోజే తోలుకుపోవచ్చు. కానీ మీ కాగితంలో ఉన్నది పశువు కాదు, నగలు. నగలు నెల్లాళ్ళు ఆగినా ఏం కావు."

కోర్టు దృష్టిలో అప్ప గేదె గేదె కాదు, కంఠహారం. ముక్తారు మాటలు ఆవిడకి సగమే అర్థమయ్యాయి. చేతిలో పలుపుతాడుతో నావైపు తిరిగింది. "ఏటంటన్నాడు బాబూ?"

ఇక దాచడానికి నాలో చోటు లేదు. అంతా చెప్పాను. ఆ పొద్దున్న ఏం విన్నానో, ఏం రాశానో, ఆ సాయంత్రమే తప్పు తెలిసిందనీ, దారోగా అడిగినా నోరు విప్పలేదనీ, అన్నీ. చెబుతూంటే నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

అప్ప తిడుతుందని భుజాలు బిగించుకుని నిలబడ్డాను.

"నా ఇంటి ముంగల పేడ ఉన్నాది," అంది. "గడ్డివాము ఉన్నాది. గుంజ ఉన్నాది. అవి సూసైనా తెలీనేదేటి? బియ్యేలో ఏటి సెప్పినారు నీకు?" అంతలోనే చెంగు నడుముకి దోపింది. "ఏడుపు తరవాత ఏడుద్దువు గానీ, పద. నాకు సెప్పింది ఆ జడ్జీకి సెప్పు."

ముక్తారు అప్పటికప్పుడు అర్జీ రాశాడు. మధ్యాహ్నం నన్ను బోనెక్కించారు. మేజిస్ట్రేటు బెంగాలీ పెద్దమనిషి, జలుబుతో ముక్కు తుడుచుకుంటూ అర్జీ రెండుసార్లు చదివాడు. తర్వాత ఇంగ్లీషులో అడిగాడు.

"ఈవిడ మీకు ఏ భాషలో చెప్పింది?"

"తెలుగులో సార్."

"మీ మాతృభాష?"

"తెలుగే సార్."

"ఆవిడది?"

"అదే సార్."

ఆయన పెన్ను కింద పెట్టాడు. పేష్కారు, అంటే కోర్టు గుమాస్తా, తల వంచుకున్నాడు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. "మీ జిల్లాలో ఆ మాటకి బంగారం, ఆవిడ జిల్లాలో గేదె. మధ్యలో ఇంకా జిల్లాలున్నాయా?" అని అడిగాడు మేజిస్ట్రేటు.

"ఉన్నాయి సార్."

"అక్కడ ఏమిటో?"

"తెలియదు సార్." బతుకులో అంత నిజాయితీగా ఎప్పుడూ జవాబివ్వలేదు.

కోర్టంతా నవ్వింది. నవ్వు నాకూ కాస్త ధైర్యమిచ్చింది, గండం గడిచినట్టే అనుకున్నాను. అప్పుడు ఆయన మామూలు గొంతుతో అడిగాడు: "ఈ పొరపాటు మీకు ఎప్పుడు తెలిసింది?"

ఇవాళే, తీర్పు విన్నాక, అనొచ్చు. ఎవరు కాదంటారు? ఆ సాయంత్రం నాతో అన్నం తిన్నవాడు ఖరగ్‌పూర్‌లో ఉన్నాడు. గోడవారగా అప్ప పలుపుతాడు చుట్టుకుని నిలబడి ఉంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నేనేం చెప్పినా తెలియదు. అదే నన్ను పట్టేసింది. ఆవిడకి తెలియదన్న ధీమాతో రెండు నెలలు బతికాను. ఇంకొక్క పూట బతకడానికి సిగ్గేసింది.

"రాసిన రోజు సాయంత్రమే సార్."

నవ్వు ఆగిపోయింది. "మరి ఎందుకు చెప్పలేదు?"

"ఉద్యోగం టెంపరరీ సార్."

మా ఆఫీసుకి ఉత్తరం రాస్తాడనే అనుకున్నాను. ఆయన ముక్కు తుడుచుకుని, ఏ భాషలో పని చేసినా ముందు చెవి పెట్టి వినమని మాత్రం చెప్పి, పేష్కారువైపు తిరిగాడు. నగలన్నీ కొట్టేయించి, వాటి స్థానంలో నల్లటి ఆడగేదె ఒకటి, నుదుట తెల్లమచ్చ, ఎడమ కొమ్ము విరిగినది అని రాయించాడు. పశువు కాబట్టి వెంటనే అప్పగించాలన్నాడు. దొంగ ఆ రోజు నగలదొంగ హోదా పోగొట్టుకున్నాడు, పాపం.

ఒక కానిస్టేబులుని తోడిచ్చారు. ఎండలో మట్టిదారిన నడిచాం. అప్ప అందరికంటే ముందు, కానిస్టేబులు అందరికంటే వెనక. నేను మధ్యలో మహా తేలిగ్గా నడుస్తున్నాను. నిజం చెప్పేశాను, ఉద్యోగం నిలిచింది, గేదె దొరుకుతోంది. ఇంత మంచివాణ్ణి నేను అని కూడా అనిపించింది కొంచెం.

గోవాలా ఇంటికి చేరేసరికి గేదె ఈని రెండు రోజులైంది. పెయ్యదూడ. తల్లి పక్కనే కాళ్ళు తడబడుతూ నిలబడి ఉంది. గేదె ఒళ్ళు నూనె రాసి నిగనిగలాడుతోంది. కింద పొడి ఇసక పరిచి ఉంది. అప్ప గేదె నుదురు మీద చెయ్యి వేసి, "ఎంత సన్నైపోనావే" అంది. అది ఏమాత్రం సన్నబడలేదు.

కానిస్టేబులు కాగితం చదివాడు. ఆడగేదె ఒకటి. దూడ మాట లేదు. గోవాలా, "గేదెని తీసుకుపోండి. దూడ నా ఇంట్లో పుట్టింది, మేపింది నేను" అన్నాడు. అతని భార్య దూడ మెడ చుట్టూ చెయ్యి వేసి కూర్చుంది.

నాకు కొత్తగా వచ్చిన ధైర్యం ఊరుకోనివ్వలేదు. తల్లి ఎవరిదో పిల్లా వాళ్ళదే, రేపే మరో అర్జీ పెడతాం, ముక్తారు ఉన్నాడు, మేజిస్ట్రేటుకి నేను తెలుసు అని హిందీలో ఉపన్యాసం ఇచ్చాను. కానిస్టేబులు టీ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.

అప్ప మా మాటలు వినడం లేదు. గోవాలా భార్య కాళ్ళకేసి చూస్తోంది. కడియాలుండే చోట చర్మం తెల్లగా, సన్నటి గీతలా ఉంది.

"దీదీ, పాయల్?" అని అడిగింది తన వచ్చీరాని హిందీలో.

గోవాలా భార్య గేదెవైపు గడ్డం ఊపింది. వెండి కడియాలు అమ్మి దాన్ని కొన్నారు. దొంగ తాగింది వాటినే.

అప్ప చతికిలబడి కూర్చుంది. దూడ వచ్చి ఆవిడ మోచెయ్యి చీకింది. తల్లిని తీసుకుపోతే దూడ బతకదు. దూడ లేకపోతే తల్లి చేపదు. ఈ సంగతి అక్కడ నాకు తప్ప అందరికీ తెలుసు. అప్ప వేళ్ళు చూపిస్తూ, హిందీ బెంగాలీ కలిపి చెప్పింది. ఇప్పుడు రెండూ నాతో వస్తాయి. దూడ పాలు మాని గడ్డి మేసి గట్టిపడ్డాక, వచ్చి తోలుకుపోండి. అది మీది.

గోవాలా నమ్మలేదు. కాగితం రాసిస్తారా అన్నాడు.

"రాస్తాం గానీ, ఈ బాబు సేత మాత్రం రాయించొద్దు" అంది అప్ప.

నాకు ఒళ్ళు మండింది. "అప్పా, మీకేమైనా పిచ్చా? పెయ్యదూడని ఊరికే ఇచ్చేస్తారా? కోర్టు ఇమ్మనలేదు. తప్పు మీది కాదు!" అని అరిచాను.

"నాది కాదు," అంది. "నా గేదెని కోర్టు నాకిచ్చీసింది. ఈలది ఈలకి ఎవుడిస్తాడు?" తాడు ముడి వేస్తూ తలెత్తింది. గొంతులో కోపం లేదు, అదే నాకు భరించడం కష్టమైంది. "రెండు నెల్లు ఈలు దీనికి గడ్డేసినారు. నువ్వు ఆ పొద్దే సెప్పుంటే ఏసుండేవోరు కాదు గదా. నానిచ్చినాను. మరి నువ్వేటిస్తావు?"

బోనులో నిజం చెప్పి ఏదో ఇచ్చేశాననుకున్నాను. ఆ నిజం వల్ల ఎవరి కడుపూ నిండలేదని ఆ మట్టినేల మీద తెలిసింది. రెండు నెలల గడ్డి, తవుడు, తెలకపిండి ఎంతైందని గోవాలాని అడిగాను. అతను మొహమాటపడ్డాడు. అతని భార్య పడలేదు, వెంటనే చెప్పింది.

అప్ప గేదెని తోలుకుంటూ ముందు నడిచింది. దూడని నా భుజాల మీద వేశారు. అది చొక్కా తడిపింది. ఎవరూ నన్ను ఓదార్చలేదు.

తర్వాత ప్రతి జీతం రోజు మర్నాడూ రైలెక్కి నది దాటి ఆ ఇంటికి వెళ్ళాను. ఏ కోర్టూ నన్ను పంపలేదు. గోవాలా భార్య డబ్బు లెక్కపెట్టి తీసుకుని, పీట వేసి, గ్లాసుడు మజ్జిగ ఇచ్చేది. మొత్తం తీరడానికి మూడు జీతాలు పట్టింది.